34 ఏళ్లు ఇళ్లు కొలిచాను, ఇంకో 4 నెలల్లో రిటైర్మెంట్. అవతలి పక్షం చేరవచ్చా?

టేపుకొస
34 ఏళ్లుగా మునిసిపాలిటీలో ఆస్తి పన్ను మదింపు పని నాది, అంటే ఇళ్లు కొలిచి పన్ను కోసం విలువ కట్టే అసెసర్ పని. ఇంకో 4 నెలల సర్వీసు మిగిలింది. కలిసినవాళ్లంతా డబ్బు సంగతే అడుగుతున్నారు, పెన్షన్ ఎంతొస్తుంది, వచ్చిన మొత్తం ఎక్కడ పెడతావు అని. ఆ తిప్పలేవో నేను పడతాను. నా గొడవ వేరే.

కళ్లు ఆగడం లేదు. మొన్న జబ్బు పడ్డ ఒకావిడను చూడటానికి వెళ్లాను. ఆవిడ మంచం మీద మూలుగుతుంటే నేను పైకప్పు చూస్తున్నాను. స్లాబు అంచున పెచ్చు ఊడింది, లోపలి ఇనుము తుప్పు పట్టి కనబడుతోంది, కట్టి 40 ఏళ్లు దాటి ఉంటుంది, రికార్డులో తరుగుదల ఇంత వేసి ఉండరు... ఇదంతా లోపల నడిచిపోయింది. బయటికొచ్చాక సిగ్గేసింది. రిటైరైతే ఇది పోతుందా?

అసలు ప్రశ్న ఇంకోటి. ఇంటి యజమానుల తరఫున పన్ను అప్పీళ్లు నడిపే ఒకాయన, సర్వీసు అయిపోగానే తనతో కలవమంటున్నాడు. మా ఆఫీసు చేసిన మదింపుల్లో తప్పులు పట్టాలి, విలువ తగ్గించాలి, తగ్గినదాంట్లో వాటా తీసుకోవాలి. ఆ తప్పులు ఎక్కడుంటాయో నాకు బాగా తెలుసు. ఎందుకంటే వాటిలో కొన్ని నేను చేసినవే. ఇది చేయవచ్చా? చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

గోడమీదపిల్లి
ముందు మా ఇల్లు ఎంత చేస్తుందో చెప్పక్కా. న్యాయాన్యాయాలు తర్వాత తీరిగ్గా చూసుకుందాం.

పాతఫైలు
నేను మీకంటే 6 ఏళ్లు ముందు దిగిపోయాను, ఇదే పని నుంచి. మొదటి ప్రశ్నకు జవాబు: పోదు. రెండేళ్లకు కాస్త తగ్గుతుంది. ఇప్పటికీ ఏ గదిలోకి వెళ్లినా ముందు అడుగుల్లో చూస్తాను, తర్వాతే మనుషుల్ని చూస్తాను. మా ఆవిడ అలవాటు పడిపోయింది.

రెండోదానికి కాస్త వివరంగా చెప్పాలి. నేను చేశాను. 14 నెలలు. మొదట బాగానే ఉంది. పెద్ద పెద్ద గోదాములు, షాపు సముదాయాలు, వాటి విలువకు ఆధారమైన అద్దె ఆదాయం లెక్కల్లో ఖాళీగా ఉన్న భాగం వదిలేశారా లేదా, నిర్వహణ ఖర్చు తీసేశారా లేదా, ఇలాంటివి పట్టుకుని విలువ తగ్గించాం. తప్పేమీ అనిపించలేదు. నిజంగానే అక్కడ తప్పులున్నాయి. తర్వాత ఒక రోజు బల్ల మీదకు ఒక ఫైలు వచ్చింది. లోపల పాత తనిఖీ కాగితం. కింద సంతకం నాది. ఆ సంతకం తప్పని వాదించడానికి నన్ను డబ్బిచ్చి పెట్టుకున్నారు. అటువైపు కూర్చున్న అమ్మాయికి పని నేర్పింది కూడా నేనే. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. నా కాగితం తీసి నా ముందే పెట్టింది, చదవమన్నట్టు.

ఆ నెలాఖరుకు మానేశాను.

రెండోఅంతస్తు
చదువుతుంటే నవ్వొస్తోంది. మా మీద పన్ను బాదినంతకాలం బాదేసి, ఇప్పుడు మనస్సాక్షి గురించి చర్చ. మా ఇంటి మీద ఒక్క గది వేసుకున్నాం. తనిఖీకి వచ్చినాయన గేటు బయటే నిలబడి, తల పైకెత్తి చూసి, ఏదో రాసుకుని పోయాడు. నోటీసులో పూర్తి అంతస్తు పడింది. సరిచేయించుకోవడానికి ఏడాదిన్నర తిరిగాను. మీలాంటివాళ్లు మా వైపు వస్తే తప్పేంటి? రావాలి. ఊరికే అయినా రావాలి.

టేపుకొస
రెండోఅంతస్తు గారూ, మీ కోపం న్యాయమైనదే. గేటు బయట నిలబడి రాయడం తప్పు. మా పనిలో దానికి ఒక పేరు కూడా ఉంది, "కళ్లకొలత". రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తి చేయాలని పైనుంచి ఒత్తిడి ఉన్నప్పుడు జరుగుతుంది. నేను చేయలేదని చెప్పను. కుక్క ఉన్న ఇళ్ల దగ్గర చేశాను.

గోడమీదపిల్లి
అంటే కుక్కను పెంచుకుంటే పన్ను తగ్గుతుందన్నమాట.

టేపుకొస
పెరుగుతుంది. లోపలికి రానివ్వకపోతే మేం ఎక్కువే వేస్తాం, తక్కువ వేయం. ఇంకో మాట, మొరిగే కుక్క ఎప్పుడూ ప్రమాదం కాదు, దాని అరుపు వీధి చివరికే వినిపిస్తుంది. "మాది ఏమీ అనదమ్మా, రండి" అని యజమాని అన్న కుక్కే నా పిక్క పట్టుకుంది. రెండుసార్లు.

లెక్కలమాస్టారు
ఒక విషయం చాలామందికి తెలియక అసెసర్‌ను తిడుతుంటారు, చెప్పి వెళ్తాను. చాలా చోట్ల పన్ను మొత్తాన్ని నిర్ణయించేది మదింపు చేసేవాళ్లు కాదు. మునిసిపాలిటీకి ఏడాదికి ఎంత కావాలో పాలకవర్గం తేలుస్తుంది, దాన్ని ఊరి మొత్తం ఆస్తి విలువతో భాగిస్తే రేటు వస్తుంది. అందరి విలువా ఒకేసారి రెట్టింపైతే రేటు సగానికి దిగుతుంది, బిల్లు మారదు. మీ విలువ పక్కవాడి కంటే ఎక్కువ పెరిగితేనే మీ వాటా పెరుగుతుంది. కాబట్టి అడగాల్సింది "నా ఇల్లు అంత చేస్తుందా" అని కాదు, "నాలాంటి ఇళ్లకు ఎంత వేశారు" అని.

రేటు ముందే చట్టంలో బిగించేసిన చోట్ల ఇది వర్తించదు. అక్కడ విలువ పెరిగితే బిల్లూ పెరుగుతుంది.

నోటీసొచ్చింది
మాస్టారూ, మరి పక్కింటాయన విలువ నాకెలా తెలుస్తుంది?

లెక్కలమాస్టారు
చాలా చోట్ల మదింపు జాబితా బహిరంగ పత్రమే, అడిగితే చూపిస్తారు. వయసు, విస్తీర్ణం, కట్టడం రకం మీ ఇంటితో సరిపోయే నాలుగైదు ఇళ్లు తీసుకోండి. ముందుగా మీ ఇంటి కార్డు చూడండి. కొలతలు, కట్టిన ఏడాది, గదులు. సగం అప్పీళ్లు అక్కడే తేలిపోతాయి, మార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు.

అప్పీలు_బల్ల
నేను కొన్నేళ్లు అప్పీళ్లు వినే సంఘంలో కూర్చున్నాను. మాస్టారు చెప్పిన చివరి మాట ముమ్మాటికీ నిజం. జనం బిల్లు పట్టుకుని వచ్చి "కట్టలేను" అంటారు. కట్టలేకపోవడాన్ని మేం వినలేం, మాకు ఆ అధికారం లేదు. ఇంట్లో మూడో స్నానాల గది అసలు లేదని ఫొటో చూపిస్తే రెండు నిమిషాల్లో సరిచేస్తాం.

టేపుకొస గారి ప్రశ్నకు వస్తే, పాతఫైలు గారితో నేను పూర్తిగా ఏకీభవించను. ఆయన మానేయాల్సింది ఆ ఒక్క ఫైలు. మొత్తం పని కాదు. మా దగ్గరికి వచ్చే మాజీ అసెసర్ల వల్ల వాదన శుభ్రంగా ఉండేది. లేకపోతే యజమాని అరుస్తాడు, ఆఫీసువాళ్లు కాగితం చదువుతారు, నిజం ఎక్కడో మధ్యలో పడి ఉంటుంది. మీరు సంతకం పెట్టిన వార్డులు ముట్టుకోకండి, మీ ఆఫీసు ఫైళ్లలో చూసిన లోపలి సంగతులు వాడకండి, రూల్లో విరామ కాలం (రిటైరయ్యాక ఇలాంటి పని పట్టకుండా ఆగాల్సిన కాలం) ఏదైనా ఉందేమో చూసుకోండి. ఇక ఆ "తగ్గినదాంట్లో వాటా" అన్నది మాత్రం నాకు ససేమిరా నచ్చదు. సాక్ష్యం చెప్పేవాడికి ఫలితంలో వాటా ఉంటే అతని అంచనాకు విలువేముంది? చాలా చోట్ల విలువ కట్టే వృత్తివాళ్ల నియమావళి కూడా దాన్ని ఒప్పుకోదు. గంటకింత అని తీసుకోండి.

పాతఫైలు
బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లకు ఒక్క ఫైలే. ఇటువైపు కూర్చున్నవాడికి అది ఒక్క ఫైలు కాదండీ. వార్డులు మారుతూ 30 ఏళ్లు పనిచేస్తే నా సంతకం లేని వార్డు ఏది?

అప్పీలు_బల్ల
అదీ నిజమే. అయితే పక్క ఊరు చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌బాబు
నేను ఇదే పనిలో కొత్త తరం. చేరి 5 ఏళ్లు. పెద్దలు కోపగించుకోకపోతే ఒక మాట. మీరంతా పోయాక మాకు మిగిలేది ఒక డేటాబేస్. అందులో అసలైనదేమీ లేదు. విస్తీర్ణం ఉంటుంది, కట్టిన ఏడాది ఉంటుంది. ఈ వీధిలో ఎడమ వరుస ఎందుకు తక్కువ ధరకు పోతుందో ఉండదు. విలువ లెక్కగట్టే మా కంప్యూటర్ మోడల్ ఆ వరుసకు ఎక్కువ చూపిస్తూ ఉండేది. ఏడాదికి గానీ తెలియలేదు, వాన పడితే ఆ వైపే నీళ్లు నిలుస్తాయని. రిటైరైన ఒకాయనకు ఫోన్ చేస్తే రెండు సెకన్లలో చెప్పారు.

అప్పీళ్ల వైపు వెళ్లకండి మేడమ్. వెళ్లేముందైనా మాకు చెప్పి వెళ్లండి.

టేపుకొస
బాబూ, నా దగ్గర 11 నోటుపుస్తకాలున్నాయి. ఇంటి నంబరు, పక్కన ఒక ముక్క. "వెనక ఇంకో గది ఉంది, ఎదురింటి మేడ మీది నుంచే కనబడుతుంది." "కింద కొట్టు, పైన కాపురం, కార్డులో రెండూ కాపురమే." "ఇక్కడ పెద్దావిడతోనే మాట్లాడాలి, కొడుకుతో కాదు." వాటిని ఇచ్చేయాలా, ఇంటికి తీసుకెళ్లాలా అని కూడా ఆలోచిస్తున్నాను.

అప్పీలు_బల్ల
ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి. డ్యూటీలో రాసినవి ఆఫీసువి. వాటిని పట్టుకెళ్లి అప్పీళ్ల కన్సల్టెన్సీలో కూర్చుంటే రేపు ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారు.

సాఫ్ట్‌వేర్‌బాబు
ఇచ్చినా అలాగే ఇవ్వకండి. నీళ్లు నిలిచే సంగతి కావాలి. పెద్దావిడ, కొడుకు సంగతి రికార్డులోకి రాకూడదు. ఎవరింట్లో ఎవరికి మాట చెల్లుతుందో మునిసిపాలిటీకి ఎందుకు?

గోడమీదపిల్లి
అన్నిటికంటే అవసరమైన సమాచారం అదేనయ్యా బాబూ, నీకింకా పెళ్లయినట్టు లేదు.

నోటీసొచ్చింది
విలువ కట్టడానికి ఇన్ని తంటాలెందుకు? అమ్మిన ధరకే విలువ వేసేస్తే పోలేదా? గొడవే ఉండదు కదా.

లెక్కలమాస్టారు
అలా వేస్తే ఇంకా పెద్ద అన్యాయం. ఏ ఏడాదైనా ఊళ్లో అమ్ముడుపోయేవి కొద్ది ఇళ్లే. వాటికి మాత్రం కొత్త ధర, మిగతావాటికి పాత విలువ అంటే, కొన్నవాడికి శిక్ష వేసినట్టే. అసెసర్లలో దీన్ని "అమ్మకాల వెంట పడటం" అంటారు, చాలా చెడ్డ పేరు అది. ఇంకో మోసం కూడా ఉంది. మా మదింపు భేషుగ్గా ఉందని చూపించుకోవాలంటే, అమ్ముడైన ఇళ్ల విలువలను చాటుగా అమ్మిన ధరకు దిద్దేస్తే చాలు, పరీక్షలో నూటికి నూరు వస్తాయి.

పరీక్ష ఎలా ఉంటుందంటే, మదింపు విలువను అమ్మిన ధరతో భాగిస్తారు. ఆ నిష్పత్తులు మధ్య విలువ (వరసలో పెడితే సరిగ్గా నడిమిది) నుంచి సగటున ఎంత శాతం చెదిరి ఉన్నాయో చూస్తారు. అసెసర్లకు 1934లో అమెరికాలో మొదలైన అంతర్జాతీయ సంఘం ఒకటుంది. వాళ్ల ప్రమాణాల్లో నివాస గృహాలకు ఈ అంకె 5 నుంచి 15 మధ్య ఉంటే బాగున్నట్టు. 15 దాటితే పని సరిగ్గా లేదు. 5 కంటే తక్కువ వస్తే మెచ్చుకోకూడదు, అనుమానించాలి. నిజమైన మార్కెట్ అంత చక్కగా ఉండదు.

రెండోఅంతస్తు
తక్కువ తప్పులుంటే అనుమానించాలా! మీ లోకమే వేరు.

టేపుకొస
మాస్టారు చెప్పినదానికి ఇంకో ముక్క. ఆ చెదరడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వాలు. చిన్న ఇల్లు 100కు అమ్ముడైతే మా విలువ 95 ఉండేది. పెద్ద బంగళా 1000కి పోతే మాది 750. ఎవరూ కావాలని చేయలేదు. పెద్ద ఇళ్లు తక్కువ అమ్ముడవుతాయి, పోల్చడానికి దొరకవు. పైగా వాళ్లు ఏటా అప్పీలు చేస్తారు, లాయరును పంపిస్తారు, కాస్త కాస్త తగ్గించుకుంటారు. చిన్న ఇంటివాళ్లు బిల్లు చూసి నిట్టూర్చి కట్టేస్తారు. నన్ను రమ్మంటున్న ఆయన దగ్గరికి వచ్చేది ఎవరో ఇప్పుడు ఆలోచించండి.

పాతఫైలు
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది మీరు. మీకు జవాబు తెలిసే అడుగుతున్నారు.

కిటికీమూశాను
విలువ, నిష్పత్తి అంటూ తల తిప్పేస్తున్నారు. పూర్వం ఇంగ్లండులో ఈ గొడవ లేదు, 1696 నుంచి 1851 దాకా కిటికీలు లెక్కపెట్టి పన్ను వేశారు. లోపలికి వెళ్లక్కర్లేదు, టేపు అక్కర్లేదు, కుక్క బాధ లేదు. జనం ఏం చేశారు? కిటికీలు ఇటుకలతో మూసేశారు. ఆ మూసిన కిటికీలున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నా పేరు అందుకే పెట్టుకున్నాను, నేను అసెసర్‌ను కాదు, బిల్లు కట్టేవాణ్ణే.

లెక్కలమాస్టారు
అదే దేశంలో ఇంకో విడ్డూరం. 1993లో వచ్చిన కౌన్సిల్ పన్నుకు (ఇళ్ల మీద వేసే స్థానిక పన్ను) ఇంగ్లండులో ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి విలువలే ఆధారం. నిన్న కట్టిన ఇంటికి కూడా "ఇది 1991లో ఉండి ఉంటే ఎంతకు పోయేది" అని ఊహించి పన్ను శ్రేణి నిర్ణయించాలి. ఆ ఏడాది ఉద్యోగంలో చేరిన మనిషి సర్వీసంతా ఒకే తేదీ మీద పనిచేసి రిటైరైపోవచ్చు.

కాలిఫోర్నియాలో ఇంకో రకం. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ప్రకారం మూల పన్ను విలువలో 1 శాతం మించకూడదు, విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు, ఇల్లు చేతులు మారితే మాత్రం కొత్త ధర. ఒకే వీధిలో కవలల్లాంటి రెండు ఇళ్లు, ఒకరి బిల్లు ఇంకొకరికి అయిదు రెట్లు అంటే అక్కడ వింతేమీ కాదు.

సాఫ్ట్‌వేర్‌బాబు
నెదర్లాండ్స్‌లో ప్రతి ఇంటికీ ఏటా కొత్త విలువ వేస్తారు. చేయలేమనడానికి సాకులు తప్ప ఏం లేవు, కంప్యూటర్లు ఉన్నాయి, ఆకాశం నుంచి తీసిన చిత్రాలున్నాయి.

పాతఫైలు
పైనుంచి తీస్తే కప్పు కనబడుతుంది బాబూ. కప్పు కింద ఎన్ని కాపురాలున్నాయో కనబడదు.

సాఫ్ట్‌వేర్‌బాబు
కళ్లకొలత కంటే నయమే కదా సార్ :)

గోడమీదపిల్లి
బాబు గట్టిగానే తగిలించాడు.

నోటీసొచ్చింది
టేపుకొస గారూ, మీరు చేసిన తప్పులు కొన్ని ఉన్నాయన్నారు. అడగకూడదేమో, ఎలాంటివి? మా కార్డులో ఎక్కడ వెతకాలో తెలుస్తుందని.

టేపుకొస
ఒకటి చెప్తాను. చేరిన మూడో ఏడు. అప్పటి టేపులు గుడ్డవి. కొస దగ్గర ఇత్తడి రింగు ఉంటుంది, అది ఊడిపోతే మొదటి అంగుళాలు పీచులు పీచులుగా అయిపోయేవి. కొత్తది ఇవ్వరు. అందుకని మేమంతా 1 అడుగు గీత దగ్గర పట్టించి, చివర్లో లెక్కలో ఒకటి తీసేసేవాళ్లం. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషిని ఇచ్చేవాళ్లు కాదు కాబట్టి ఇంటివాళ్లలో ఎవరో ఒకరిని అడిగేదాన్ని. ఆ రోజు స్కూలు పిల్లాడు పట్టుకున్నాడు. వాడు భలే శ్రద్ధగా, బొటనవేలు గోడకు ఆనించి, గీత మీదే పట్టాడు. మబ్బు కమ్మింది, తొందరగా రాసుకుని వచ్చేశాను. ఒకటి తీసేయడం మరిచాను.

30కి 40 ఇల్లు 31కి 41 అయింది. 1200 చదరపు అడుగులు కాస్తా 1271. అందులో ఏముందిలే అనిపిస్తుంది. కానీ దాదాపు 6 శాతం ఎక్కువ, 11 ఏళ్ల పాటు. మళ్లీ రివిజన్‌కు అదే వార్డు నాకే పడింది కాబట్టి పట్టుకున్నాను, లేకపోతే ఇప్పటికీ అలాగే ఉండేది. పైకి రాసి సరిచేయించాను. కానీ రూలు ప్రకారం వెనక్కి ఇవ్వగలిగింది చివరి కొన్నేళ్లదే. మిగతాది పోయినట్టే. చెప్పడానికి ఇంటికి వెళ్లాను. ఆ ఇంటాయన విని "పోనీలేమ్మా, ఈసారి సరిగ్గా రాశావు కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి నోటీసొచ్చింది గారూ, ముందు గోడ నుంచి గోడకు మీరే కొలవండి. బయటివైపు. చాలా చోట్ల బయటి కొలతే లెక్క.

రెండోఅంతస్తు
ఇది చదివాక నేను మొదట రాసినదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. అంతా కాదు.

పాతఫైలు
గుడ్డ టేపు! ఎండలో సాగేది, వానలో ముడుచుకునేది. తడి టేపుతో కొలిచిన ఇళ్లన్నీ పెద్దవైపోయేవి.

గోడమీదపిల్లి
అయితే పన్ను తగ్గాలంటే ఎండాకాలం తనిఖీకి పిలవాలి. రాసుకుంటున్నాను.

వరండావాసి
కన్సల్టెన్సీ సంగతి తేల్చేసుకునేలోపు ఇంకో చిన్న విషయం. నేను వేరే శాఖ నుంచి రిటైరయ్యాను. సర్వీసు రికార్డులో ఇంటిపేరు ఒకలా, గుర్తింపు కాగితాల్లో ఇంకోలా ఉండి నా పెన్షన్ మొదలవడానికి నెలలు పట్టింది. 34 ఏళ్లు ఊళ్లో అందరి కాగితాల్లో తప్పులు వెతికారు కదా, ఇప్పుడు మీవి తీసి చూసుకోండి. 4 నెలలు ఎక్కువేమీ కాదు.

టేపుకొస
చూశాను. పుట్టిన తేదీలో నెల తప్పు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దరఖాస్తు పెట్టాను, థాంక్స్.

వరండావాసి
అదిగో, చెప్పానా.

అప్పీలు_బల్ల
ఇంతకీ ఏం నిర్ణయించుకున్నారు? పక్క ఊరా, వద్దా?

టేపుకొస
ఆయనకు వద్దని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు, "ఇంకో ఏడాది ఆగి అడుగుతాను" అన్నాడు. వారానికి ఒక పూట, కార్డులో తప్పులున్న చిన్న ఇళ్లవాళ్లకు కాగితం రాసిపెట్టడం వరకు ఊరికే చేద్దామనుకుంటున్నాను. బిల్లు తగ్గించమని కాదు, కొలత సరిచేయమని. నోటుపుస్తకాలు బాబు చెప్పినట్టే జల్లెడ పడుతున్నాను. నీళ్లు నిలిచే వీధులు, వెనక గదులు ఒక పక్క. పెద్దావిడలు, కొడుకులు ఇంకో పక్క. రెండో పక్కవి చింపేస్తున్నాను. చింపేముందు చదువుకుంటున్నాను, అందుకే ఆలస్యం.

పాతఫైలు
మీరు ఊరికే చేసినా మీ పాత ఆఫీసువాళ్లు మొహం ముడుచుకుంటారు, ముందే చెప్తున్నాను.

టేపుకొస
ముడుచుకోనివ్వండి. వాళ్ల రికార్డే బాగుపడుతుంది.

సాఫ్ట్‌వేర్‌బాబు
ఈ థ్రెడ్ చల్లారిపోయింది. మేడమ్ రిటైరై నెల దాటి ఉంటుంది. ఎలా ఉన్నారు?

టేపుకొస
ఉన్నాను. కళ్లు ఇంకా ఆగలేదు. ఒక సంగతి చెప్పాలి, మీరు నవ్వినా పర్లేదు.

ఆఖరి వారంలో ఖాళీగా ఉండి మా ఇంటి కార్డు తీశాను. నా ఇంటిది ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ చూడలేదు, సొంత ఇల్లు కాబట్టి ఆ వార్డు నాకు ఎప్పుడూ వేయలేదు. ముందు బాల్కనీ అని రాసి ఉంది. ఆ బాల్కనీకి 8 ఏళ్ల కిందట మేం అద్దాలు బిగించి గది చేసుకున్నాం. అందులోనే రోజూ కూర్చుని పేపరు చదువుతాను. ఊరందరి వెనక గదులూ పట్టుకున్న మనిషిని, నా ముందు గది నాకు కనబడలేదు.

గోడమీదపిల్లి
ఆగండి ఆగండి. కూర్చుని చదువుకుంటాను.

రెండోఅంతస్తు
నేను వెనక్కి తీసుకున్నది మళ్లీ ముందుకు తెస్తున్నాను.

టేపుకొస
తెచ్చుకోండి, అర్హులే. నేనే దరఖాస్తు పెట్టాను. నా స్థానంలో వచ్చిన అమ్మాయి నిన్న తనిఖీకి వచ్చింది. చేతిలో లేజరు మీటరు. గోడకు గురిపెట్టి నొక్కింది, బాగానే వచ్చింది. ఆ గదిలోకి వచ్చి అద్దం వైపు నొక్కింది. ఎంత వచ్చిందనుకున్నారు? అద్దం దాటి ఎదురింటి గోడ దాకా వెళ్లిపోయింది. మళ్లీ నొక్కితే ఇంకో అంకె. ఆ అమ్మాయి బిక్కమొహం వేసి, "మేడమ్, మీ దగ్గర టేపు ఏమైనా ఉందా" అంది.

ఉంది. గుడ్డది కాదు, స్టీలుది. ఆ అమ్మాయి చదివే వైపు నిలబడింది. రెండో కొస నేను పట్టుకున్నాను.

లెక్కలమాస్టారు
ఎంత పెరిగింది?

టేపుకొస
నోటీసు ఇంకా రాలేదు మాస్టారూ. 8 ఏళ్ల బకాయి కూడా వేస్తారనుకుంటాను, వేయాలి.

నోటీసొచ్చింది
వస్తే అప్పీలు చేస్తారా?

టేపుకొస
లేదు. కొలత సరైనదే. నేనే పట్టుకున్నాను కదా.

పాతఫైలు
సున్నా దగ్గర పట్టారా, 1 అడుగు దగ్గర పట్టారా?